వ్యాధి ఏ వయస్సున వచ్చును?

ఒక ఊరిలో అంటువ్యాధి చెలరేగినదనగానే మనము మొదట అడుగు ప్రశ్న "ఎందరికి వచ్చినది?" అని. రెండవ ప్రశ్న "ఎందరు పోయిరి?" అని. వార్తాపత్రికలు ఈ రెండు సంఖ్యలనే పెద్ద అక్షరములలో ముద్రించును. కాని వ్యాధుల లెక్కలు కట్టు శాస్త్రజ్ఞుడు వీనితో తృప్తి చెందడు. "వచ్చినవారి వయస్సులేమి?" అని అతడు మూడవ ప్రశ్న వేయును. దీనికి సమాధానము లేనిచో మొదటి రెండు సంఖ్యలు మనలను తప్పుదారి పట్టింపగలవు.

వైరస్ వలన వచ్చు వ్యాధులు అన్ని వయస్సుల వారిని ఒకే విధముగా బాధింపవు. ఆటలమ్మ పసివారికి వచ్చిన సాధారణముగా కొద్ది రోజులలో తగ్గిపోవును. అదియే పెద్దవారికి వచ్చినచో ఒక్కొక్కప్పుడు ఊపిరితిత్తులకు పాకి ప్రమాదము తెచ్చును. రుబెల్లా బడిపిల్లలకు వచ్చిన కొద్దిపాటి జ్వరము, ఒంటిపై దద్దు తప్ప చెప్పుకోదగిన బాధ ఉండదు. గర్భవతికి తొలి నెలలలో వచ్చినచో పుట్టబోవు శిశువు చూపును, వినికిడిని, గుండెను దెబ్బతీయును. 2020 లో ప్రపంచమంతట వ్యాపించిన కోవిడ్ పిల్లలను చాలవరకు విడిచిపెట్టి వృద్ధులను ఎక్కువగా బలిగొనెను.

కనుక ఒక వ్యాధి తెచ్చు నష్టము రెండు విషయములపై ఆధారపడి ఉండును. అది ఏ వయస్సున సోకును? ఏ వయస్సున సోకిన ఎక్కువ హాని చేయును? రెండవ ప్రశ్నకు వైద్యులు రోగులను పరిశీలించి సమాధానము చెప్పుదురు. మొదటి ప్రశ్నకు సమాధానము గణితము సహాయము లేనిదే దొరకదు. ఈ రెండింటిని కలిపి లెక్క కట్టు ప్రయత్నము 1760 లో ప్రారంభమైనది. ఆ చరిత్రను ఈ వ్యాసములో తెలిసికొందము.

బెర్నూలీ లెక్క

పదునెనిమిదవ శతాబ్దమున ఐరోపాలో మశూచికి భయపడని ఇల్లు లేదు. రాజులకు, బీదలకు భేదము లేక అది అందరిని పట్టెడిది. ఒకసారి వచ్చి బ్రదికినవారికి మరల రాదని మాత్రము అందరికి తెలియును. ఈ అనుభవము ఆధారముగా ఒక పద్ధతి ఆసియా దేశములలో చాలకాలముగా వాడుకలో ఉండెను. రోగి పొక్కునుండి తీసిన రసిని ఆరోగ్యవంతుని చర్మముపై చిన్న గాటు పెట్టి ఎక్కించెడివారు. అతనికి మశూచి తేలికగా వచ్చి తగ్గిపోయెడిది. బెంగాలులో టీకాదారులు ఇంటింటికి తిరిగి ఈ పని చేసెడివారు. తుర్కీ దేశములో దీనిని చూచిన మేరీ వర్ట్లీ మాంటెగ్యు అను ఆంగ్ల వనిత 1721 లో దీనిని ఇంగ్లండులో ప్రచారము చేసెను.

కాని ఈ టీకా పూర్తిగా నిరపాయకరము కాదు. ఎక్కించుకొన్నవారిలో కొందరు దానివలననే చనిపోయెడివారు. ఆరోగ్యముగా ఆడుకొనుచున్న బిడ్డకు చేజేతుల రోగము ఎక్కింపవచ్చునా? అదృష్టము ఉన్న మశూచి రాకనే పోవచ్చును గదా! ఈ వాదము ఫ్రాన్సులో చాల తీవ్రముగా సాగెను. ఆ సమయమున స్విట్జర్లండు గణితవేత్త డేనియల్ బెర్నూలీ 1760 ఏప్రిల్ నెలలో పారిస్ విజ్ఞాన అకాడమీ ముందు ఒక వ్యాసమును సమర్పించెను. ప్రవహించు ద్రవముల పీడనమును గూర్చి మన విద్యార్థులు చదువు సూత్రము ఈ బెర్నూలీదే. ఆయన వైద్యవిద్య కూడ చదివినవాడు.

బెర్నూలీ రెండు సంఖ్యలను తీసికొనెను. ఇంతవరకు మశూచి రానివారిలో ప్రతి సంవత్సరము 8 మందిలో ఒకరికి అది వచ్చును. వచ్చినవారిలో 8 మందిలో ఒకరు చనిపోవుదురు. ఈ రెండు సంఖ్యలు అన్ని వయస్సులకు ఒక్కటే అని ఆయన అనుకొనెను. ఏ వయస్సు వరకు ఎందరు బ్రదుకుదురో తెలుపు పట్టిక కూడ కావలెను. దానికి ఆయన ఎడ్మండ్ హాలీ 1693 లో ప్రకటించిన పట్టికను వాడుకొనెను. తోకచుక్కకు పేరుగా నిలిచిన హాలీయే ఈయన. బ్రెస్లౌ పట్టణములోని జనన మరణముల లెక్కలనుండి ఆ పట్టికను ఆయన తయారుచేసెను.

ఇక చిక్కంతయు ఇతర వ్యాధులతోనే. మనుష్యులు మశూచితోనే కాక వేయి కారణములతో చనిపోవుదురు. కాని ఆ కారణములు మశూచి వచ్చినవారిని, రానివారిని సమానముగానే తీసికొనిపోవును. కాబట్టి బ్రదికియున్నవారిలో మశూచి రానివారి పాలును మాత్రము చూచినచో ఇతర కారణములు లెక్కనుండి వాటంతట అవే తొలగిపోవును. ఈ యుక్తిలోనే బెర్నూలీ ప్రజ్ఞ ఉన్నది. ఆయన సూత్రము ప్రకారము ఎనిమిదేండ్ల పిల్లలు నూరుగురు ఉన్నచో అందులో మశూచి రానివారు సుమారు 40 మంది. పదునారేండ్ల వారిలో 15 మంది. ఇరువదినాలుగేండ్ల వారిలో ఆరుగురికంటె తక్కువ.

ఈ అంకెలలో ఒక గొప్ప సత్యము ఇమిడియున్నది. మశూచి పిల్లలను ఏరికోరి పట్టునని బెర్నూలీ ఎక్కడను అనుకొనలేదు. అన్ని వయస్సులకు ఒకే రేటు వేసెను. అయినను రోగులలో ఎక్కువమంది పిల్లలే అయిరి. కారణమేమి? ఏటేట 8 లో ఒకరికి వచ్చు వ్యాధిని తప్పించుకొని పెద్దవాడగుట కష్టము. పెద్దవారు అయ్యేసరికి చాలమందికి అది వచ్చిపోయియే ఉండును. మనము "పిల్లల వ్యాధులు" అని పిలుచు తట్టు, ఆటలమ్మ మొదలగువాని విషయము కూడ చాలవరకు ఇదియే. అవి పిల్లల వ్యాధులగుటకు ముఖ్యకారణము అవి మిక్కిలి వేగముగా అంటుటయే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో సులభముగా చూపవచ్చును. ఒక్కొక్క విద్యార్థికి మూడు నాణెములు ఇచ్చి ఒకేసారి ఎగురవేయమనవలెను. మూడును బొమ్మ పడుటకు సంభావ్యత సరిగా 8 లో ఒకటి. అట్లు పడినవానికి ఆ "సంవత్సరము" వ్యాధి వచ్చినట్లు. అతడు తన "వయస్సు", అనగా అది ఎన్నవ విడతయో వ్రాసికొని కూర్చుండవలెను. నలుబదిమంది ఉన్న తరగతిలో ఎనిమిది విడతలు ముగియుసరికి సుమారు 14 మంది మాత్రమే నిలిచియుందురు. కూర్చున్నవారి వయస్సులను నల్లబల్లపై వ్రాసినచో వ్యాధి చిన్నవయస్సుల వైపే గుమిగూడి కనబడును. ఈ నాణెముల ఆటను గుర్తుంచుకొనవలెను. ముందు మరల పనికివచ్చును.

మశూచి అను వ్యాధియే లేకున్న మనిషి సగటు ఆయుర్దాయము ఎంత పెరుగును? బెర్నూలీ లెక్క ప్రకారము 26 సంవత్సరముల 7 నెలలనుండి 29 సంవత్సరముల 9 నెలలకు పెరుగును. లాభము 3 సంవత్సరముల 2 నెలలు. టీకా వలన 200 మందిలో ఒకరు చనిపోయినను ఈ లాభములో తగ్గునది సుమారు రెండు నెలలే. కాబట్టి టీకా వేయుటయే మేలని ఆయన తీర్పు చెప్పెను.

డాలంబేరు ఆక్షేపణ

అదే సంవత్సరము నవంబరులో ఫ్రెంచి గణితవేత్త డాలంబేరు ఈ లెక్కను అదే అకాడమీలో విమర్శించెను. ఆయన టీకాకు విరోధి కాడు. ఆయన అభ్యంతరము లెక్కకట్టిన విధానమునకే.

మొదటి ఆక్షేపణ వయస్సును గూర్చినది. నాలుగేండ్ల బిడ్డకు, నలువదేండ్ల మనిషికి మశూచి వచ్చు అవకాశము ఒక్కటే అనుటకు ఆధారమేది? వచ్చినవారిలో చనిపోవు పాలు కూడ అన్ని వయస్సులకు ఒక్కటే అనుటకు ఆధారమేది? వయస్సువారీగా రోగుల పట్టికలు, మరణముల పట్టికలు తయారైనగాని ఈ లెక్క నమ్మదగినది కాదని డాలంబేరు చెప్పెను. రెండవ ఆక్షేపణ ఇంకను సూక్ష్మమైనది. ముప్పదియేండ్ల గృహస్థునకు టీకా వలన వచ్చు అపాయము ఈ నెలలోనే వచ్చును. లాభమో, జీవితము చివర కలియు కొన్ని ఏండ్లు. ఎదుట ఉన్న అపాయమును, ఎప్పుడో వచ్చు లాభమును ఒకే త్రాసులో తూచవచ్చునా? రాజ్యము దృష్టిలో సగటు లాభము చాలును. కాని తండ్రి తన బిడ్డను సగటుగా చూడలేడు.

ఇద్దరి మాటలలోను న్యాయమున్నది. లెక్క లేనిదే నిర్ణయము గ్రుడ్డిది; వయస్సు లేని లెక్క సగము గ్రుడ్డిది. 1772 లో లాంబర్ట్ అను మరొక గణితవేత్త బెర్నూలీ పద్ధతిని సవరించి, రేట్లు వయస్సునుబట్టి మారునట్లు లెక్క కట్టెను. రెండేండ్ల తరువాత, 1774 మే నెలలో ఫ్రాన్సు రాజు పదునైదవ లూయీ 64 ఏండ్ల వయస్సున మశూచితో మరణించెను. తరువాత వచ్చిన పదునారవ లూయీ కొద్దివారములలోనే టీకా వేయించుకొనెను. లెక్కలు ఒప్పింపలేనివారిని ఒక్క మరణము ఒప్పించెను. 1796 లో జెన్నర్ గోమశూచి టీకాను ప్రవేశపెట్టిన తరువాత టీకా వలని అపాయము చాల తగ్గి, ఆ వివాదము చల్లారెను. మశూచి ప్రపంచమునుండి తొలగిపోయినదని 1980 లో ప్రకటించిరి.

ఫారో దీవుల సాక్ష్యము

డాలంబేరు కోరిన వయస్సువారీ సమాచారము ప్రకృతియే ఒకసారి సమకూర్చిపెట్టెను. ఉత్తర అట్లాంటికు సముద్రములో డెన్మార్కు పాలనలోని ఫారో దీవులు కలవు. 1781 లో అచ్చట తట్టు వ్యాపించి అణగిపోయెను. అటుతరువాత 65 ఏండ్లు ఆ దీవులలో తట్టు కనబడలేదు. 1846 లో ఓడపై వచ్చిన ఒక మనిషి ద్వారా అది మరల ప్రవేశించెను. సుమారు 7,800 మంది జనాభాలో 6,000 మందికి పైగా జబ్బుపడిరి. డెన్మార్కు ప్రభుత్వము పంపిన పీటర్ పానుమ్ అను యువవైద్యుడు ఊరూర తిరిగి వివరములు సేకరించెను.

మన ఊళ్ళలో తట్టును పిల్లల వ్యాధిగా ఎరుగుదుము. ఫారో దీవులలో అది చంటిబిడ్డనుండి ముసలివారి వరకు అందరిని పట్టెను. ఒక్క వర్గము మాత్రము తప్పించుకొనెను. 1781 లో చిన్నతనమున తట్టు వచ్చి బ్రదికిన వృద్ధులలో ఒక్కరికిని రెండవసారి రాలేదు. అనగా తట్టు వలన కలిగిన రక్షణ 65 ఏండ్లయినను చెక్కుచెదరలేదు. వ్యాధి ఏ వయస్సువారిని పట్టునన్నది వారి శరీరతత్త్వముపై మాత్రమే గాక, ఆ ఊరికి ఆ వ్యాధి ఇంతకుముందు ఎప్పుడు వచ్చినదన్న చరిత్రపై కూడ ఆధారపడునని దీనివలన తేలెను. 2009 లో కొత్త ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించినప్పుడు వృద్ధులు కొంతవరకు తప్పించుకొనుటకు కారణము కూడ ఇట్టిదే. చాల ఏండ్ల క్రితము దానిని పోలిన వైరస్‌లు వారికి సోకియుండెను.

హాజరుపట్టీ గణితము

ఇరువదవ శతాబ్దములో ఈ శాస్త్రమునకు గట్టి పునాది వేసినవారికి మన దేశముతో దగ్గర సంబంధము కలదు. 1897 ఆగస్టులో సికిందరాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న రొనాల్డ్ రాస్‌ను అందరు ఎరుగుదురు. మలేరియా వైరస్ వలన వచ్చునది కాకపోయినను, దాని వ్యాప్తికి రాస్ కట్టిన సమీకరణములు ఇతర వ్యాధులకును దారి చూపినవి. 1901 లో రాస్ వెంట పశ్చిమ ఆఫ్రికాకు వెళ్ళిన యువవైద్యుడు ఆండర్సన్ మెకెండ్రిక్. ఆయన తరువాత భారత వైద్యసర్వీసులో పనిచేసి, హిమాలయ ప్రాంతములోని కసౌలీ పాశ్చర్ సంస్థకు అధిపతి అయ్యెను. ఆరోగ్యము చెడి 1920 లో స్కాట్లండుకు తిరిగిపోయి, ఎడింబరోలో ఒక ప్రయోగశాలకు అధ్యక్షుడయ్యెను.

1926 లో మెకెండ్రిక్ ప్రకటించిన వ్యాసములో వయస్సును, కాలమును ఒకేసారి పరిగణించు సమీకరణము కలదు. అది చూచుటకు కఠినమైనను దానిలోని భావము ప్రతి ఉపాధ్యాయునికి తెలిసినదే. పాఠశాల హాజరుపట్టీలను తలచుకొనవలెను. ఈ సంవత్సరము ఆరవ తరగతిలో 50 మంది ఉన్నచో వచ్చే సంవత్సరము ఏడవ తరగతిలో ఎందరుందురు? బడి మానినవారిని 50 నుండి తీసివేసిన చాలును. ఒక సంవత్సరము గడిచినచో తరగతి కూడ ఒకటి పెరుగును. కాలము, తరగతి అను రెండును జతగా నడచును. తరగతికి బదులు వయస్సును, బడి మానుటకు బదులు మరణమును లేక వ్యాధి సోకుటను పెట్టినచో అదియే మెకెండ్రిక్ సమీకరణము. ఈనాడు వయస్సును లెక్కలోనికి తీసికొను ప్రతి అంటువ్యాధి నమూనాకు ఇదియే వెన్నెముక.

మరుసటి సంవత్సరము, 1927 లో, ఆయన విలియం కెర్మాక్‌తో కలిసి మరొక వ్యాసము ప్రకటించెను. కెర్మాక్ రసాయన శాస్త్రజ్ఞుడు. 1924 లో ప్రయోగశాలలో జరిగిన ప్రేలుడులో ఆయన రెండు కన్నులను పోగొట్టుకొనెను. అయినను సమీకరణములను మనస్సులోనే నడిపించెడివాడు. తమ సిద్ధాంతమును సరిచూచుకొనుటకు వారు 1905-06 లో బొంబాయి నగరములో ప్లేగు వలన సంభవించిన మరణముల లెక్కలను వాడుకొనిరి. అంటువ్యాధి ఆగిపోవుటకు అందరికి వ్యాధి రానక్కరలేదనియు, వ్యాధికి లోబడదగినవారి సంఖ్య ఒక హద్దుకు దిగువకు వచ్చినచో అది తనంతట తానే తగ్గుముఖము పట్టుననియు వారు నిరూపించిరి. టీకాలతో వ్యాధిని అరికట్టవచ్చుననుటకు గణితములో ఆధారము ఈ హద్దే.

రుబెల్లా చిక్కు

సిద్ధాంతము ఎంత మంచిదైనను దాని విలువ తెలియునది చిక్కు వచ్చినప్పుడే. వయస్సును మరచినచో మంచి పని కూడ చెడు ఫలితము ఈయగలదని చూపినది రుబెల్లా వ్యాధి.

1941 లో ఆస్ట్రేలియా నేత్రవైద్యుడు నార్మన్ గ్రెగ్ పుట్టుకతోనే కంటిపొర గల శిశువులను అనేకులను చూచి ఆశ్చర్యపడెను. తల్లులను విచారింపగా, గర్భము దాల్చిన తొలి దినములలో వారిలో చాలమందికి రుబెల్లా వచ్చినదని తెలిసెను. అంతవరకు అది లెక్కచేయదగని వ్యాధి. 1964-65 లో అమెరికాలో రుబెల్లా వ్యాపించినప్పుడు సుమారు 20,000 మంది శిశువులు ఇట్టి లోపములతో పుట్టిరి. 1969 లో అచ్చట టీకా వాడుకలోనికి వచ్చెను.

టీకా ఎవరికి వేయవలెను? అమెరికా చిన్నపిల్లలందరికి వేసి వ్యాధినే తుడిచివేయ తలపెట్టెను. బ్రిటను 1970 నుండి పదునొకండేండ్లు దాటిన బడిబాలికలకు మాత్రమే వేసెను. చిన్నపిల్లలలో వ్యాధి తిరుగుచునే ఉండును, అందువలన చాలమందికి సహజముగా రక్షణ కలుగును, మిగిలిన బాలికలను టీకా కాపాడును అని బ్రిటను ఆలోచన. ఈ రెండు దారులలో ఏది మేలో 1980 తరువాతి సంవత్సరములలో నాక్స్, ఆండర్సన్, మే అను శాస్త్రజ్ఞులు వయస్సు గల నమూనాలతో పరిశీలించిరి. ఆ లెక్కలోని సారాంశమును మనము కాగితముపై చేయవచ్చును.

ఒక దేశములో ఆయుర్దాయము 60 ఏండ్లనుకొందము. ఎవరికిని రక్షణ లేనిచో ఒక రోగి 10 మందికి రుబెల్లా అంటించుననుకొందము. ఈ సంఖ్య దేశమునుబట్టి మారును. లెక్క సులువగుటకు 10 తీసికొనుచున్నాము. వ్యాధి పెరుగక, తరుగక నిలకడగా ఉన్నదనగా ఒక రోగి సగటున ఒక్కరికే అంటించుచున్నాడని అర్థము. అనగా అతడు అంటింపగల పదిమందిలో తొమ్మిదిమందికి ఇంతకుముందే వచ్చిపోయినది; పదింట ఒకరికి మాత్రమే రాలేదు. జనాభాలో పదవవంతు మందికి వ్యాధి రాలేదనగా, ప్రతి మనిషి సగటున తన జీవితములో పదవవంతు, అనగా 6 ఏండ్లు, వ్యాధి రాకుండ గడపును. కాబట్టి వ్యాధి సోకు సగటు వయస్సు 6.

ఇప్పుడు పుట్టిన పిల్లలలో సగముమందికి టీకా వేసితిమి. రోగి అంటింపగల పదిమందిలో ఐదుగురు టీకా వలన తప్పుకొనిరి. మిగిలిన ఐదుగురిలో ఒక్కరికే అంటవలెను. టీకా లేనివారు తమ జీవితములో ఐదవవంతు, అనగా 12 ఏండ్లు, వ్యాధి రాకుండ గడుపుదురు. సగటు వయస్సు 6 నుండి 12 కు పెరిగినది. నాణెముల ఆటలో మూడు నాణెములకు బదులు నాలుగు ఎగురవేసినచో జరుగునది ఇదియే. వ్యాధి తక్కువమందికి, ఆలస్యముగా వచ్చును.

ఆలస్యముగా వచ్చుట మంచిదే గదా అని తోచును. కాని రుబెల్లా విషయములో ఆలస్యమే అపాయము. పుట్టిన 1000 మంది బాలికలలో, తల్లులగు వయస్సైన 20–30 ఏండ్ల మధ్య ఎందరికి వ్యాధి సోకునో చూతము. టీకా లేనప్పుడు, సగటు వయస్సు 6 ఐనచో, సుమారు 29 మందికి. సగముమందికి టీకా వేసినచో సుమారు 54 మందికి! మొత్తము రోగుల సంఖ్య సగమైనది. అపాయకరమైన వయస్సులో రోగుల సంఖ్య మాత్రము దాదాపు రెట్టింపైనది. నూటికి 80 మందికి టీకా వేసినచో ఈ సంఖ్య మరల దిగివచ్చి మొదటి స్థాయికే, సుమారు 28 కి చేరును. 90 మందికి వేసినచో రోగి అంటింపగల పదిమందిలో మిగులునది ఒక్కరే. అంతకు మించి వేసినచో వ్యాధికి నిలువనీడ ఉండదు. రోగి అంటించు సంఖ్య 10 కంటె చాల తక్కువైన దేశములలో ఈ చిక్కు ఇంత తీవ్రముగా ఉండదని కూడ చెప్పవలెను.

ఇది కాగితముపై లెక్క మాత్రమేనా? గ్రీసు దేశమున సుమారు 1975 నుండి పిల్లలకు ఈ టీకా వేయుచుండిరి. కాని 1980 తరువాతి పదేండ్లలోను టీకా వేసికొన్నవారు నూటికి 50 మంది కంటె తక్కువ. పెద్ద బాలికలకు, యువతులకు టీకా వేయు ఏర్పాటు జరుగలేదు. 1993 లో రుబెల్లా వ్యాపించినప్పుడు అది యువతీయువకులలో ఎక్కువగా కనబడెను. ఆ వ్యాప్తి వలన పుట్టుకతో రుబెల్లా లోపములు గల 25 మంది శిశువులు రక్తపరీక్షలలో ధ్రువపడిరి. గణితము చెప్పిన హెచ్చరిక ఆ ఇండ్లలో నిజమయ్యెను.

బ్రిటను 1988 లో తన పద్ధతి మార్చి బాలబాలికలందరికి చిన్నతనముననే టీకా వేయసాగెను. రుబెల్లా టీకాను కొత్తగా ప్రవేశపెట్టు దేశము ముందుగా తట్టు టీకాను నూటికి కనీసము 80 మంది పిల్లలకు అందించి ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 లో సూచించెను. మన లెక్కలో 80 వద్ద ఏమి జరిగినదో పాఠకులు గమనించియే ఉందురు.

మన దేశము తట్టు–రుబెల్లా టీకాను 2017 లో ప్రవేశపెట్టెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో ఆ కార్యక్రమము ఆగస్టు నెలలో మొదలయ్యెను. పసిబిడ్డలకు మాత్రమే వేసి ఊరకొనక, తొమ్మిది నెలల బిడ్డ మొదలు పదునైదేండ్ల లోపు వారందరికి పాఠశాలలలోనే వేయసాగిరి. దేశమంతట సుమారు 41 కోట్ల పిల్లలు ఆ లెక్కలోనికి వచ్చిరి. "చంటిపిల్లల టీకా తొమ్మిదవ తరగతి పిల్లకు ఎందుకు?" అని కొందరు తల్లిదండ్రులు అప్పుడు అడిగియుందురు. దానికి సమాధానము పై లెక్కలోనే ఉన్నది. పసివారికి మాత్రమే వేసినచో వ్యాధి నెమ్మదించి, అప్పటివరకు అది రాని పెద్ద బాలికలు రక్షణ లేకనే తల్లులగు వయస్సునకు చేరుదురు. ఆ ఖాళీని పూడ్చుటకే పెద్ద తరగతులకును టీకా.

ఎవరు ఎవరిని కలియుదురు?

ఇంతవరకు చెప్పిన లెక్కలలో అందరు అందరితో సమానముగా కలియుదురని అనుకొంటిమి. లోకములో అట్లు జరుగదు. బడిపిల్లలు బడిపిల్లలతోను, ఉద్యోగులు ఉద్యోగులతోను ఎక్కువగా కలియుదురు. దీనిని అంకెలలో పెట్టుటకు ఐరోపాలోని ఎనిమిది దేశములలో 7,290 మంది చేత ఒకరోజు డైరీ వ్రాయించి, ఆ ఫలితములను 2008 లో ప్రకటించిరి. ఆ రోజు ఎవరెవరిని కలిసిరో, వారి వయస్సు ఎంతయో వారు వ్రాసిరి. మొత్తము సుమారు 98,000 కలయికలు నమోదయ్యెను. అడ్డముగా ఒకరి వయస్సు, నిలువుగా రెండవవారి వయస్సు వేసి గళ్ళు గీచినచో, సమాన వయస్కులు కలియు గళ్ళు కర్ణము వెంట దట్టముగా నిండెను. దానికి ఇరుప్రక్కల కొంత దూరములో మరి రెండు పలుచని గీతలు కనబడెను. అవి తల్లిదండ్రులు, పిల్లలు కలియు గళ్ళు. విద్యార్థులు చదువు మాత్రికలకు ఇంతకంటె సజీవమైన ఉదాహరణము అరుదు.

2020 లో కోవిడ్ వచ్చినప్పుడు ఇట్టి పట్టికలు వెంటనే పనికివచ్చినవి. ఆ వ్యాధి వలని మరణభయము వయస్సుతో ఎంత వేగముగా పెరుగునో ఆ సంవత్సరమే అనేక దేశముల సమాచారమునుండి లెక్కించిరి. వ్యాధి సోకినవారిలో 25 ఏండ్లవారికి నూటికి 0.01, 55 ఏండ్లవారికి 0.4, 65 ఏండ్లవారికి 1.4, 75 ఏండ్లవారికి 4.6, 85 ఏండ్లవారికి 15 వంతున మరణములు ఉండునని తేలినది. టీకాలు రాకముందు, ముఖ్యముగా సంపన్న దేశములలో కనబడిన తీరు ఇది.

దీనినిబట్టి ఒకే వైరస్ రెండు దేశములలో రెండు విధములుగా కనబడును. ఊహకు పదివేలమంది ఉన్న రెండు ఊళ్ళను తీసికొందము. మొదటి ఊరిలో వృద్ధులు 500 మంది, రెండవదానిలో 2,000 మంది. అందరికి వ్యాధి సోకినది. వృద్ధులలో నూటికి ఐదుగురు, ఇతరులలో వేయికి ఇద్దరు చనిపోవుదురనుకొందము. మొదటి ఊరిలో మరణములు 25, 19 కలిసి 44. రెండవదానిలో 100, 16 కలిసి 116. వైరస్ మారలేదు, వైద్యము మారలేదు. ఊరి వయస్సు మారినది. మరణముల సంఖ్య మాత్రమే చూచి ఒక దేశము బాగుగా ఎదుర్కొన్నదని, మరొకటి చెడగొట్టుకొన్నదని అనుట తొందరపాటు.

అయితే సంపన్న దేశముల లెక్కను మన దేశమునకు యథాతథముగా అతికింపరాదు. 2020 లోనే ఆంధ్రప్రదేశ్, తమిళనాడు రాష్ట్రముల సమాచారముతో ఒక పెద్ద పరిశోధన వెలువడెను. ఈ రెండు రాష్ట్రముల ఆరోగ్య సిబ్బంది రోగులను కలిసినవారిని వెదకి పరీక్షించి వివరములు వ్రాసి ఉంచిరి. సుమారు 85,000 మంది రోగులను, వారిని కలిసిన 5,75,000 మందిని ఆ పరిశోధన పరిశీలించెను. సమాన వయస్కుల మధ్య వ్యాధి ఎక్కువగా సోకుచున్నదని, పిల్లల మధ్య కూడ సోకుచున్నదని తేలెను. మరణములు సంపన్న దేశములలో కంటె తక్కువ వయస్సులవారిలో ఎక్కువగా పోగుపడియుండెను.

టీకాలు వచ్చినప్పుడు పాత ప్రశ్నయే మరల ఎదురయ్యెను. ఎక్కువమందిని కలిసి వ్యాధిని మోసుకొనిపోవు యువకులకు ముందు వేయవలెనా, సోకిన ప్రాణము మీదికి వచ్చు వృద్ధులకు ముందు వేయవలెనా? టీకాలు కొద్దిగా ఉన్నప్పుడు మరణములు తగ్గించుటయే ముఖ్యమైనచో, చాల సందర్భములలో వృద్ధులకు ముందు వేయుటయే మేలని నమూనాలు చూపెను. మన దేశమున 2021 జనవరిలో ఆరోగ్య సిబ్బందితో ప్రారంభించి, మార్చిలో 60 ఏండ్లు దాటినవారికి, ఇతర జబ్బులు గల 45 ఏండ్లు దాటినవారికి, ఏప్రిల్‌లో 45 దాటినవారందరికి, మేలో 18 దాటినవారికి అనుమతించిరి. ఆ వరుస వెనుక ఈ లెక్క ఉన్నది.

ముగింపు

గణిత నమూనా జోస్యము కాదు. "ఇట్లు అనుకొన్నచో ఇట్లు జరుగును" అని మాత్రమే అది చెప్పును. అనుకొన్నది తప్పైన ఫలితము తప్పగును. బెర్నూలీ లెక్కలో లోపమును డాలంబేరు చూపగలుగుటకు కారణము, బెర్నూలీ తన ఊహలను దాచక స్పష్టముగా వ్రాయుటయే. ఊహలను బయటపెట్టిన లెక్కను సవరింపవచ్చును. ఊహలను దాచిన మాటను సవరించుటకు వీలు లేదు.

ఈ చరిత్రలో ప్రతి ముందడుగునకు వెనుక ఎవరో ఓపికగా వ్రాసి ఉంచిన వయస్సుల పట్టిక ఒకటి కలదు. బ్రెస్లౌ జనన మరణ పట్టికలు, ఫారో దీవుల వృద్ధుల జ్ఞాపకములు, ఐరోపా డైరీలు, మన రాష్ట్రములో ఇంటింటికి తిరిగిన ఆరోగ్య కార్యకర్తల కాగితములు ఇట్టివే. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి "వయస్సు ఎంత?" అని అడిగినప్పుడు సుమారుగా ఒక అంకె చెప్పి పంపక సరియైన వయస్సు చెప్పుట కూడ శాస్త్రమునకు చేయు సహాయమే. టీకా విషయములో సగము పని చేసి ఆగుట ఒక్కొక్కప్పుడు చేయకుండుటకంటె చెరుపు అని రుబెల్లా మనకు నేర్పినది. తమ పాఠశాలలో టీకా వేయించుకొనని విద్యార్థి ఒక్కరైనను మిగులకుండ చూచుకొను ఉపాధ్యాయుడు ఆ లెక్కను తన చేతులతో పూర్తిచేయుచున్నాడు.